గెట్టు కావలి

వర్షిత కట్టిన ఊళ్ళో పొలాలన్నీ పచ్చగానే ఉన్నాయి, మనుషులే కరువయ్యారు. మొన్నటిదాకా ఫోను తెరిస్తే చాలు, ఒకడు మడి దున్నుతూ కనబడేవాడు, ఇంకొకడు గెట్టు మీద నిలబడి పక్కవాడి ఏడు తరాలనూ తిడుతూ వినబడేవాడు. ఆ తిట్లు వినడానికే సగంమంది వచ్చేవాళ్ళు. ఇప్పుడు తిట్టేవాడూ లేడు, పడేవాడూ లేడు.

ఊరంటే నిజం ఊరు కాదు, ఫోనులో ఆడుకునే ఆట. పేరు 'గెట్టు'. ఇంకా పూర్తి కాలేదు. కోరుట్లలో తన ఇంటి మేడమీది గదిలో వర్షిత, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు మీద అద్దెగదిలో మహిపాల్, ఇద్దరే కూర్చుని దాన్ని కట్టుకొస్తున్నారు. జగిత్యాలలో ఇంజనీరింగు కలిసి చదివి, హైదరాబాదులో ఒకే ఆఫీసులో చేరి, ఒకే రోజు ఉద్యోగం మానేసిన జంట అది. జంట అంటే ఊళ్ళోవాళ్ళు అనుకునే జంట కాదు, పనిలో జంట. ఎవరెన్ని అనుకున్నా వాళ్ళు పట్టించుకోలేదు, వాళ్ళకు తీరికా లేదు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆట చూసి ముచ్చటపడింది గానీ, దసరా నాటికి జనం నిలబడితేనే మాట్లాడదాం అంది. నిలబడకపోతే మళ్ళీ ఎవరి ఆఫీసులోనో కుర్చీ వెతుక్కోవడమే. వర్షితకు ఆ తలపు వస్తే అన్నం సహించేది కాదు.

ఆట తేలికే. ఒక్కొక్కరికి ఒక మడి. దున్నుకోవచ్చు, పసుపో వరో వేసుకోవచ్చు. పక్కవాడు మడిలో లేనప్పుడు గెట్టురాయిని అటు కాస్త జరిపి అతని నేలను కలుపుకోవచ్చు. కాకపోతే జరిపేవాడు నడిచి రావాలి, అందరికీ కనబడాలి, రాయి మీద చెయ్యి పడగానే అవతలివాడి ఫోనులో గంట మోగాలి. వాడు పరుగెత్తుకొస్తాడు, పంచాయితీ మొదలవుతుంది. మడిలో మనిషి నిలబడి ఉన్నంతసేపు మాత్రం రాయి కదలదు. గెట్టు తగాదా లేని ఊరు మన వైపు ఉందా? అందుకే జనానికి ఆట ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఆ ఊరి పటం వర్షిత ఊహించి గీసింది కాదు. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం అవతల ఎర్రగుంటపల్లె అని ఉంది, ఆమె తాత ఒకప్పుడు ఆ ఊరికి దొర. దొరలు ఊళ్ళలో ఉండలేని రోజులు వచ్చినప్పుడు ఆ కుటుంబం రాత్రికి రాత్రి కోరుట్ల చేరింది. అప్పుడు వర్షిత తండ్రి నర్సింగరావు నిక్కర్లు తొడుక్కునే పిల్లవాడు. భూములు అమ్మినవి అమ్మగా, మిగిలినవి ఎవరు దున్నుకుంటే వాళ్ళవయ్యాయి. తాత పాత సందుగ పెట్టెలో మిగిలిన బట్ట మీది పటం వర్షిత కళ్ళకు అందంగా కనబడింది. మళ్ళు, చెలుకలు, చెరువు తూము, కాలిబాటలు అన్నీ దాని ప్రకారమే గీసింది. ఆటను మొదట పంపింది కూడా ఆ ఊరి వాట్సాప్ గ్రూపుకే. ఊళ్ళోని మగవాళ్ళు సగంమంది మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నారు. వాళ్ళు ఎగబడ్డారు. ఒక్కొక్కడు వెతుక్కుని వెతుక్కుని, అక్కడ తన సొంత మడి ఎక్కడుందో ఇక్కడా అదే పట్టుకున్నాడు. ఎడారిలో డబ్బా అన్నం తింటూ తన గెట్టు మీద తాను నిలబడ్డానని ఒకాయన గ్రూపులో మాట్లాడి పంపితే, అది విని వర్షిత సంతోషంతో ఏడ్చేసింది.

ఇంట్లో కూడా ఒక ఆటగాడు తయారయ్యాడు. మోకాళ్ళ ఆపరేషను అయ్యాక నర్సింగరావు దివాను దిగడం తగ్గించాడు. టీవీలో వార్తలు చూసి చూసి, అందరినీ తిట్టి తిట్టి, చివరికి కూతురి ఆట తెరిచాడు. ట్యాబు ఒళ్ళో పెట్టుకుని మడి దున్నుతూ కూర్చునే తండ్రిని చూసి వర్షిత మురిసిపోయింది. పెద్దాయనకు పొద్దుపోతున్నదని తల్లి రమాదేవి కూడా ఊపిరి పీల్చుకుంది.

అంతా బాగుంది అనుకునేలోపు రాళ్ళు వాటంతట అవే జరగడం మొదలైంది. గంట మోగదు, మనిషి కనబడడు, పొద్దున లేచి చూస్తే మడి సన్నబడి ఉంటుంది. మొదట నవ్వుకున్నారు. తర్వాత గ్రూపులో మొరపెట్టుకున్నారు. ఆ తర్వాత మొర పెట్టుకోవడం కూడా మానేసి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అడిగేవాళ్ళు ఉన్నంతవరకే ఏదైనా బతికి ఉన్నట్టు. అడగడం మానేశారంటే ఆశ వదులుకున్నారనే.

మహిపాల్ దీన్ని ఒప్పుకోలేదు. దొంగాట లేని ఆట ఎక్కడుందని, జనం పోవడానికి కారణం ఆట సగంలో ఉండటమేనని అతని వాదన. పసుపు పండిస్తారు, ఉడికిస్తారు, ఆరబోస్తారు, అమ్ముకుందామంటే అంగడి లేదు. మనం ఇంకా కట్టనే లేదు, ఎన్నాళ్ళని కుప్పల ముందు కూర్చుంటారు అని అడిగాడు. వర్షిత వినలేదు. అంగడి లేకపోతే విసుక్కుంటారు గానీ పారిపోరు, దొంగ ఉన్నాడు కాబట్టే పోతున్నారు, దొంగను పట్టుకుంటే తిరిగి వస్తారు అని పట్టుబట్టింది. కింద మగ్గాల చప్పుడుకు ఫోనులో అతని మాట సగం వినబడేది కాదు, వినబడిన సగం ఆమె చెవిన పెట్టేది కాదు.

వెతగ్గా వెతగ్గా ఆమెకు ఒక మనిషి దొరికాడు. పేరు రాజం, ఉండేది మస్కట్‌లో. చుట్టూ ఉన్న మళ్ళన్నీ కుంచించుకుపోతుంటే తూము కింద అతని మడి ఒక్కటే చెక్కు చెదరలేదు. అంతకంటే వింత, ఆ మనిషి నిద్రపోడు. ఎప్పుడు చూసినా మడి నడుమ నిలబడే ఉంటాడు, పొద్దున్నే చూసినా ఉంటాడు, మిట్టమధ్యాహ్నం చూసినా ఉంటాడు. తల్లి కన్న మనిషి ఎవడైనా అట్లా నిలబడగలడా? మనిషి కాదు, యంత్రం పెట్టి ఆడిస్తున్నాడు, ఆ యంత్రంతోనే పక్కవాళ్ళ రాళ్ళు జరుపుతున్నాడు అని ఆమె తేల్చుకుంది. తీసేసే ముందు ఒక్కసారి అడిగి చూద్దామని మహిపాల్ బతిమాలాడు. దొంగను అడిగితే అవునంటాడా అని ఆమె ఎదురడిగింది.

మర్నాడు పొద్దున రాజం అకౌంటు తీసేసి గ్రూపులో రాసింది. ఫలానా రాజం అనే ఆటగాడు మోసపూరిత పద్ధతులకు పాల్పడినందున శాశ్వతంగా తొలగించడమైనదని, నిజాయితీగా ఆడేవారు నిశ్చింతగా తిరిగి రావచ్చని. చదువుకున్నవాళ్ళకు కోపం వస్తే మహా శుభ్రమైన భాష వస్తుంది. రాసి, రెండుసార్లు చదువుకుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.

భోజనం అయిందో లేదో గ్రూపులో రాజం గొంతు వచ్చింది. కోపంగా లేదు. అదే ఆమెను ముందుగా భయపెట్టింది.

"అమ్మా, నేను రాజంను. అకౌంటు నాదే గని ఆడేది నేనొక్కన్నే గాదు. మా రూముల ఆరుగురం ఉంటం. ముగ్గురిది పగటి డ్యూటీ, ముగ్గురిది రాత్రి డ్యూటీ. సైటు మీదికి ఫోన్లు తేనియ్యరు. అందుకే పాత ఫోనొకటి గోడకు చార్జింగు పెట్టి ఉంచినం. రూముల ఎవలుంటే గాళ్ళు కావలి ఉంటరు. ఊర్ల నీళ్ళకు వంతులు కట్టినట్టు వంతులు కట్టుకున్నం. గిట్ల ఆడద్దని మీరు యాడ జెప్పలేదు గదమ్మా. జెప్తె ఆడకపోదుం."

వర్షిత దాన్ని మళ్ళీ పెట్టుకుని విన్నది. వెనకాల ఎవరో పళ్ళెం కడుగుతున్న చప్పుడు, ఇంకెవరో వద్దులేరా ఊకో అంటున్న మాట. ఒక అకౌంటు అంటే ఒక మనిషి అని ఆమె లెక్క. ఒక మంచాన్ని ఇద్దరు, ఒక ఫోనును ఆరుగురు పంచుకునే బతుకు ఆమె లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. అయినా మనసు ఇంకా మొండికేసింది. ఇతను కాకపోతే ఇంకెవరు? రాజం మడి ఎట్లుందో చూద్దామని ఫోను తెరిచింది. కావలివాడు లేని ఆ మడికి తూర్పు గెట్టు అప్పటికే పోయింది. దక్షిణపు గెట్టు ఆమె చూస్తుండగానే జరుగుతున్నది. గంట మోగలేదు, పక్కన మనిషి బొమ్మ లేదు.

ఎవరో ఇప్పుడే, ఈ క్షణంలోనే జరుపుతున్నారు. మహిపాల్‌కు చెప్పాలి, తన గదిలో నెట్టు వస్తుంది గానీ మాట్లాడటానికి సిగ్నలు సరిగా రాదు. మెట్లు దిగి హాల్లోకి వచ్చింది. దివాను మీద నర్సింగరావు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ట్యాబు మీద వేలు ఆన్చి మెల్లగా, ఎంతో శ్రద్ధగా ఒక రాయిని లాగుతున్నాడు. ఆమె చేతిలోని ఫోనులో రాజం మడి అంతే మెల్లగా సన్నబడుతున్నది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆట మొదలైన కొత్తలో, రాళ్ళు సరిగా జరుగుతున్నాయో లేదో పరీక్షించుకోవడానికి మహిపాల్ ఒక అకౌంటు చేశాడు. దానితో ఆడితే మనిషి కనబడడు, గంట మోగదు. కాగితం మీదే భూములు మార్చేసే పాతకాలపు ఊరి లెక్కలవాడి పేరు, 'పట్వారి' అని, ఎగతాళికి దానికి పెట్టుకున్నారు. తండ్రి ఆడతానన్నప్పుడు కొత్త అకౌంటు చేసే తీరిక ఆమెకు లేకపోయింది. ఆమే ఆ ట్యాబులో పట్వారిని పెట్టి ఇచ్చింది, తర్వాత మరిచిపోయింది.

"బాపూ, ఏం జేస్తున్నవ్?"

"తూము కింది మడి బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండానే. మొహం వెలిగిపోతున్నది. "ఇన్నిరోజులు వాడెవడో మెసలకుంట నిలబడ్డడు. ఇయ్యాల్ల లేడు. దున్నేటోడు లేక పడావు పడ్డది, తీసుకుంటున్న."

అది పక్కవాళ్ళదని, వాళ్ళకు గంట మోగడం లేదని, ఆయన వాళ్ళకు కనబడటం లేదని వర్షిత చెప్పింది. ఆయనకు అందులో తప్పేముందో అర్థం కాలేదు.

"మనిషి కనవడకపోతె నేనేం జేస్త? నువ్వు ఇచ్చిన దాంట్లనే ఆడిన," అన్నాడు. కూతురికి తెలియని సంగతి చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "అయినా గది మనదే బిడ్డా. తూము కిందిది మీ తాత మడి. ఇవ్వన్ని మనయే."

చిన్నపిల్లవాడిగా చీకట్లో ఎద్దుబండిలో ఊరు వదిలిన మనిషి ఆయన. అరవై దాటాక, ఆపరేషను కాళ్ళతో, కూతురు ఇచ్చిన ట్యాబులో ఒక్కొక్క మడే తిరిగి పట్టుకుంటూ వచ్చాడు. ఆయన మీద ఆమెకు జాలి కలిగింది, ఆ జాలి మీద అసహ్యమూ కలిగింది. ట్యాబు లాక్కోలేదు. చెప్పులు వేసుకుని బస్టాండుకు నడిచింది.

ఫోనులో చెప్పుకునే సంగతి కాదని సిరిసిల్లకే పోయింది. మహిపాల్ అంతా విని ఆశ్చర్యపోలేదు. తనకు అనుమానం వచ్చిందని, పట్వారి ఒక్కటే అట్లా జరపగలదని తెలుసని, అది ఆమె ఇంట్లోనే ఉన్నదనీ తెలుసని చెప్పాడు. మరి ఎందుకు చెప్పలేదని ఆమె నిలదీసింది. అతను కిటికీలోంచి కింది మగ్గాల వైపు చూశాడు. గంభీరావుపేటలో అతని తాత తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. ఆ ఇంటి పిల్లలకు ఏది అడగాలో, ఏది అడగకూడదో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అదే అబ్బుతుంది.

"మీ ఇంట్ల సోఫాల కూసోని, మీ బాపును, సార్ మీరేనా దొంగ అని ఎట్లడుగుదు?" అన్నాడు. "నిన్నడుగుదామనుకున్న. నువ్వు అప్పటికే వేరే దొంగను పట్టినవ్."

వర్షిత గ్రూపులో పెట్టడానికి నాలుగు మాటలు రాసి చూపించింది. సాంకేతిక లోపం వల్ల గెట్లు జరిగాయని, చింతిస్తున్నామని. మహిపాల్ చదివి ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"రాజం పేరు రాసినవ్ గదా, వర్షితా. మీ బాపు పేరు గూడ రాయి."

ఆమె రాసినదంతా చెరిపేసింది. తండ్రి పేరు రెండుసార్లు టైపు చేసి రెండుసార్లూ తీసేసింది. చివరికి ఉన్నది ఉన్నట్టు రాసింది. జరిపింది మా నాన్న నర్సింగరావు, అవకాశం ఇచ్చింది నేను, రాజం గారి తప్పు లేదు, ఎవరి మడి వాళ్ళకు ఇచ్చేస్తాం, తిరిగి రండి. పంపాక ఇద్దరూ జవాబు కోసం చూశారు. ఒక్కరూ తిట్టలేదు. ఒకాయన మాత్రం "దొరలది పాతదే గదా" అని రాసి ఊరుకున్నాడు. ఆ తర్వాత గ్రూపులోంచి ఒకరి వెనక ఒకరు బయటికి పోతున్నట్టు కనబడింది.

రాజం వస్తే మిగతావాళ్ళూ వస్తారని వర్షిత ఆశ. ఆ ఒక్క ఆశ పట్టుకుని ఎర్రగుంటపల్లెకు బయలుదేరింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరికి వెళ్ళడం అదే మొదలు. దారులు అడగాల్సిన అవసరం రాలేదు, అన్నీ తాను గీసినవే. రాజం భార్య జ్యోతి ఇంటి ముందు పసుపు కొమ్ములు ఏరుతున్నది. వర్షిత తానెవరో చెప్పుకోగానే లేచి కుర్చీ తెచ్చి వేసింది, తాను మాత్రం కింద పీట మీదే కూర్చుంది. వర్షిత కూడా కింద కూర్చోబోతే కూర్చోనివ్వలేదు.

"మహిళా సంఘం మీటింగుకు పోతే అందరు నవ్విన్రు," అంది జ్యోతి, ఏరడం ఆపకుండా. "మీ ఆయన మస్కట్ పోయి గూడ గెట్లు జరుపుతుండటగా అన్నరు. నవ్వులాటకే అన్నరనుకో. గని మా మామను గూడ గిట్లనే అన్నరట ఆ కాలంల. ఆయన మడి ఆయన దున్నుకుంటె గెట్టు దొంగ అని పంచాయితిల నిలవెట్టిన్రట." ఎవరు నిలబెట్టారో ఆమె చెప్పలేదు. వర్షిత అడగలేదు.

రాజం వీడియోలో దొరికాడు. సైటుకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు, తలకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, నవ్వు మొహం. వర్షిత తప్పయిందని చెప్పింది, రెండుసార్లు చెప్పింది. ఆయనే ఇబ్బందిపడి చాలు చాలన్నాడు. ఎవరు జరుపుతున్నారో తనకు ముందే తెలుసన్నాడు. ఏ మడి తర్వాత ఏ మడి పోతున్నదో చూస్తుంటే, దొర ఒకప్పుడు ఊరి మళ్ళు ఏ వరుసలో పట్టాడని తన ముసలవ్వ చెప్పేదో ఆ వరుసే కనబడిందట. అందుకే తూము కింది మడికి రాత్రీపగలూ కావలి పెట్టారట. అంటే నిద్రపోని ఆ మనిషిని పుట్టించింది తన తండ్రే, చంపింది తను.

"తెలిసి గూడ ఎందుకు జెప్పలే, రాజమన్నా? దొంగాట జూసి అందరు పోవట్టిరి గదా."

"దొంగకు భయపడి మా రూమోళ్ళం పోలేదమ్మా," అన్నాడు రాజం. "దొంగ ఉంటెనే గద కావలి. వంతులేసుకోని, డ్యూటీ దిగంగనే ఉరికచ్చి మడి జూస్కునేటోళ్ళం. దొరను మడి పట్టనిస్తలేం అని మస్తు నవ్వుకున్నం. క్యాంపుల గంత నవ్వు ఎన్నడు లేదు. నువ్వు మమ్ములనే దొంగలంటివి సూడు, గప్పుడు చాలనిపిచ్చింది."

బస్సు కుదిపితే ఫోను పక్కకు ఒరిగింది. కిటికీ అవతల ఇసుక, దూరాన క్రేన్లు. మళ్ళీ మొహం కనబడ్డాక వర్షిత ఆ మాటే పట్టుకుంది. మడి మొత్తం, ఒక్క అడుగు తగ్గకుండా తిరిగి ఇస్తానంది. పట్వారిని తీసేశామంది. గ్రూపులో ఎన్నిసార్లంటే అన్నిసార్లు తప్పు ఒప్పుకుంటానంది. ఒక్కసారి వచ్చి నిలబడమని బతిమాలింది.

రాజం ఆమెను నొప్పించకుండా చెప్పాలని మాటలు వెతుక్కున్నాడు.

"ఇస్తనంటున్నవ్, సంతోషం. గని ఇప్పుడు అది నువ్వు ఇచ్చినట్టయితదమ్మా. మాది మాకు అచ్చినట్టు గాదు." సైటు వచ్చినట్టుంది, లేచి నిలబడ్డాడు. "ఫోను గేటుకాడ ఇచ్చి పోవాలె. జ్యోతీ, అమ్మకు చాయ పొయ్యి."

జ్యోతి చాయ పోసింది. వర్షిత అది తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చుంటే, జ్యోతే వచ్చి తీసుకుంది.

తిరుగు బస్సులో మహిపాల్‌కు ఫోను చేసింది. ఎవరూ రారని చెప్పింది. పూర్తిచేస్తే వస్తారేమో అని అతను అనలేదు. ఇన్నాళ్ళూ వాదించిన మనిషి ఒక్కసారి అట్లా అంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆపేద్దామా అని అతను అడిగాడు, ఆపేయమంది. ఉద్యోగాల సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఇల్లు చేరేసరికి సాయంత్రం ఎండ హాల్లోకి పడుతున్నది. నర్సింగరావు ట్యాబును అటు తిప్పి ఇటు తిప్పి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ వేలితో పొడుస్తున్నాడు. కూతుర్ని చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు ముందుకు వంగాడు.

"బిడ్డా, గిది తెరుసుకుంటలేదు. ఏమైందో సూడు."

వర్షిత ఆయన పక్కన కూర్చుంది. ఆట ఆపేశామని, ఇక తెరుచుకోదని, ఆడేవాళ్ళు ఎవరూ మిగల్లేదని నెమ్మదిగా చెప్పింది. ఎందుకు మిగల్లేదో కూడా చెప్పింది. రాజం పేరు చెప్పింది, అతని తండ్రిని పంచాయితీలో నిలబెట్టిన సంగతి చెప్పింది. ఆయన అన్నీ విన్నాడు. నల్లబడిన తెరను వేలితో మెల్లగా నిమిరాడు. అది చూసి ఆమె, ఎక్కడో తగిలింది, ఇప్పుడు ఏదో అంటాడు అని ఎదురుచూసింది.

"మరి నా భూములో?" అన్నాడు నర్సింగరావు.